శంబుకవధ - అధికార విచారము

త్రిపురనేని రామస్వామిచౌదరిగారి శంబుకవధ 1920లో వెలువడినది. నూఱేండ్లు దాటిన యీ నాటకమును గూర్చి మన తరగతి గదులలో తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. విద్యయందును ఉద్యోగములందును వెనుకబడిన వర్గములకు నేడు గల ప్రత్యేక స్థానములకు, అనగా రిజర్వేషన్లకు, తెలుగు వాఙ్మయమున శంబుకుడే మూలపురుషుడని యా మాట. ఇందు సగము సత్యమున్నది. మిగిలిన సగమును విడిచిపుచ్చుటవలన నాటకమునకును, తరగతిలో దానిని వినుచున్న విద్యార్థికిని గూడ అన్యాయము జరుగుచున్నది. ఆ మిగిలిన సగమును విచారించుటకే యీ వ్యాసము.

ముందుగా 'అధికారము' అను శబ్దమును చూడవలెను. నేటి తెలుగున నిది ఉద్యోగికి గల పెత్తనము. మీమాంసకుల పరిభాషలో నిది యర్హత. ఏ కర్మకు ఎవడు కర్త కాదగును, దాని ఫలమునకు ఎవడు స్వామి యగును అను ప్రశ్నకు సమాధానము. జైమిని సూత్రముల యాఱవ యధ్యాయము ఈ విచారమునకే యేర్పడినది. శూద్రునకు వైదికకర్మయందు అధికారము లేదని యచ్చటి సిద్ధాంతము. బ్రహ్మసూత్రములలోని యపశూద్రాధికరణము విద్యావిషయమున నదే నిర్ణయము చేసినది. అయినను రెండు విషయములు స్మరింపదగియున్నవి. అందఱకును అధికారము కలదని బాదరి యను ప్రాచీనాచార్యుడు చెప్పినట్లు జైమినియే పేర్కొని, దానిని త్రోసిపుచ్చెను. కావున సర్వాధికారవాదము మన శాస్త్రమునకు తెలియనిది కాదు, ఓడిపోయినది మాత్రమే. రెండవది రథకారాధికరణము. రథకారుడు వర్షర్తువున అగ్న్యాధానము చేయవలెనని శ్రుతి. రథము చేయు త్రైవర్ణికుడు ఎవడైనను రథకారుడే కదా యని పూర్వపక్షము. కాదు, రథకారుడనునది యొక జాతికి రూఢమైన పేరు, రూఢి యోగమును బాధించును, వచనబలముచే ఆ జాతివానికే యీ యధికారము అని సిద్ధాంతము. పేరు పెట్టి యిచ్చిన యర్హత ఆ పేరు గలవానికే చెందవలెను గాని, పేరు యొక్క అర్థమును సాగదీసి మఱొకడు దానిని పొందరాదన్నమాట. శూద్రునకు తలుపు మూసిన గ్రంథముననే యీ నియమము కూడ నుండుట విచిత్రము. దీనితో మనకు ముందు పని యున్నది.

వాల్మీకి యుత్తరకాండలో శంబుకుడు ఒంటరివాడు. బ్రాహ్మణబాలుని మరణమునకు రాజ్యమున నొక శూద్రుడు తపస్సు చేయుచుండుటయే కారణమని నారదుడు చెప్పును. రాముడు వెదకికొనుచు పోయి, తలక్రిందుగా తపస్సు చేయుచున్న యొకనిని కాంచి, వాని జాతి యడిగి తెలిసికొని, తల నఱకును. వానికి శిష్యులు లేరు, అనుచరులు లేరు, వాదము లేదు. భవభూతి యీ ఘట్టమునకు సిగ్గుపడినాడు కాబోలు! తన యుత్తరరామచరితమున రాముని చేయి కరుణచే వెనుకాడునట్లు చేసి, హతుడైన శంబుకుని దివ్యపురుషునిగా లేపి, వానిచేత రామునకు కృతజ్ఞత చెప్పించెను. రామస్వామిచౌదరిగారు పట్టిన త్రోవ వేఱు. ఆయన యీ కథను ఆర్యద్రావిడ సంఘర్షణముగా మార్చిరి. రాముని, స్వయముగా క్రూరుడు గాక పురోహితవర్గపు ఒత్తిడికి లోబడిన పాలకునిగా చిత్రించిరి. శంబుకుని వాదము చేయగల నాయకునిగా నిలబెట్టిరి. ఒంటరి తపస్వి యిట్లు ప్రతినిధి యయ్యెను. నాటకమునకు గల బలమంతయు నిందే యున్నది. ఆ బలముతోపాటు, వాల్మీకి శంబుకునకు లేని చిక్కు కూడ వచ్చినది. ప్రతినిధి యనగానే యెవరికి ప్రతినిధి యను ప్రశ్న పుట్టును.

ఆ ప్రశ్నకు పూర్వము తేల్చుకొనవలసినది మఱొకటి కలదు. శంబుకుడు కోరినది తపస్సు. పంచుకొన్నచో తరిగిపోవుటకు తపస్సు నీరు కాదు, నేల కాదు. ఒకడు తపస్సు చేసినంతమాత్రమున మఱొకని తపస్సు తగ్గదు. కావున శంబుకుని కోరిక నిషేధము తొలగవలెననునంతవఱకే. తొలగినచో ఆయనకు మఱేమియు అక్కఱలేదు. ఒక చెట్టు నీడ, కొంత యేకాంతము చాలును. కళాశాలలోని చోటు అట్టిది కాదు. అది లెక్కకు లోబడినది. ఒకనికి ఇచ్చినచో మఱొకనికి లేదు. దానిని చేరుటకు ముందు పదిపన్నెండేండ్ల చదువు, ఆ చదువునకు పుస్తకము, రాత్రి దీపము, పొలము పనికి పోకుండ నుండగల తీఱిక కావలెను. నిషేధము తొలగుట వేఱు, భాగము లభించుట వేఱు.

మన రాజ్యాంగ చరిత్రలో నీ రెండును ముఖాముఖిగా నిలిచిన సంవత్సరము 1951. కులము మాత్రమే కారణముగా విద్యాసంస్థలలో ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము రెండవ ఖండము చెప్పుచున్నది. దానిని ఆధారము చేసికొని సుప్రీంకోర్టు చంపకం దొరైరాజన్ వ్యాజ్యెమున, కళాశాలా ప్రవేశములకు మదరాసు ప్రభుత్వము అమలుజరుపుచున్న వర్గవారీ యుత్తరువును ఏప్రిలు 9వ తేదీన కొట్టివేసెను. ఆ యేడే మొదటి రాజ్యాంగ సవరణము 15వ అధికరణమునకు నాలుగవ ఖండమును చేర్చి, వెనుకబడిన వర్గములకు ప్రత్యేకమైన యేర్పాటులు చేయుటకు ప్రభుత్వమునకు వీలు కల్పించెను. మొదటిది నిషేధమును నిషేధించు వాక్యము. రెండవది భాగమునకు త్రోవ చూపు వాక్యము. శంబుకుని వాదము మొదటిదానికడ ఆగును. రెండవదానికి కావలసిన వాదము ఈ నాటకమునుండి పిండినను రాదు. రాకపోవుట కవి దోషమని నా యభిప్రాయము కాదు. లేనిదానిని ఉన్నదని బోధింపరాదని మాత్రమే చెప్పుచున్నాను.

ఇక నెవరికి ప్రతినిధి యను ప్రశ్న. దీనికి నాటకము పుట్టిన నేలను చూడవలెను. రామస్వామిచౌదరిగారు 1887లో గుడివాడకు సమీపమున నున్న అంగలూరున జన్మించిరి. బందరు నోబుల్ కళాశాలలో చదివిరి. డబ్లిన్ నగరమున న్యాయశాస్త్రమభ్యసించి వచ్చిరి. బెజవాడకడ కృష్ణానదిపై ఆనకట్ట 1855లో పూర్తియైన పిదప గుడివాడ, పామర్రు, బందరు ప్రాంతములకు కాలువ నీరు వచ్చి మాగాణి పెరిగినది. భూమి గలవానికి ధాన్యము, ధాన్యమువలన రొక్కము, రొక్కమువలన కుమారునకు బందరు చదువు. ఆ బందరున రాబర్టు నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల తొలినాళ్ళలో పై కులముల బాలురను ఉద్దేశించినదే. భూమి యుండియు, చదువు వచ్చియు, శాస్త్రము దృష్టిలో మాత్రము శూద్రుడుగా మిగిలిపోయిన రైతుబిడ్డ, నాకేమి తక్కువ యని యడిగినచో ఆ ప్రశ్నలో ఎంత వేడి యుండునో అంత వేడియు శంబుకవధలో నున్నది. దానిని తక్కువ చేయరాదు. అయితే ఆ రైతు పొలమున పాలేరు కూడ కలడు. కుప్ప నూర్చినవాడు అతడే. నాటు వేసినది అతని యిల్లాలు. వారి గుడిసె ఊరి వెలుపల నున్నది. నాటకములోని 'శూద్ర' శబ్దము, 'ద్రావిడ' శబ్దము ఆసామిని పాలేరును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చుచున్నవి.

గొడుగు అను మాటను నేను ఊరక వాడలేదు. లక్షణావృత్తిని బోధించునపుడు మనము చెప్పు ఛత్రిన్యాయము కలదు కదా! రాజు పరివారముతో పోవుచుండగా చూచినవాడు, గొడుగులవారు పోవుచున్నారనును. గొడుగు పట్టుకొన్నవారు ఇద్దఱో ముగ్గురో. తక్కినవారు ఎండలో నడచుచున్నారు. పేరు మాత్రము అందఱిది. 1916 మొదలు మదరాసు రాజధానిలో వ్యాపించిన 'బ్రాహ్మణేతర' శబ్దము ఇట్టిదే. వ్యాకరణదృష్టితో చూచినను అది చిత్రమైన పేరు. తానేమి కాదో చెప్పును గాని తానెవరో చెప్పదు. వర్గవారీ ఉత్తరువులు 1921లో మొదలై, 1927లో స్థిరరూపము దాల్చినవి. ఆ లెక్కలో ప్రతి 12 ఉద్యోగములకు బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, మహమ్మదీయులకు 2, ఆంగ్లో ఇండియనులకును క్రైస్తవులకును కలిపి 2, అస్పృశ్యతకు గురియైన కులములకు 1. ఐదు భాగములు పొందిన పేరులో చాకలి, మంగలి, కుమ్మరి, సాలె, గౌడ మొదలైన వారందఱును ఉన్నారు. ఆ యైదింటిలో వారికి విడిగా భాగము లేదు. 1947లో ఉత్తరువును సవరించి 14 ఉద్యోగములలో 'వెనుకబడిన హిందువులు' అను వారికి విడిగా 2 కేటాయించునప్పటికి గాని గొడుగు క్రింద ఎండ యున్నదన్న సంగతి ప్రభుత్వపు కాగితమున కెక్కలేదు.

చంపకం తీర్పు వెలువడిన దినముననే వేంకటరమణ యను నభ్యర్థి వ్యాజ్యెమున కూడ తీర్పు వచ్చినది. సాహిత్యవిమర్శకులు దానిని అంతగా పట్టించుకొనరు. 83 జిల్లా మునసబు పదవులలో హరిజనులకు 19, వెనుకబడిన హిందువులకు 10, బ్రాహ్మణేతర హిందువులకు 32, తక్కినవి ఇతరులకు కేటాయింపబడియుండెను. 16వ అధికరణము నాలుగవ ఖండము ప్రకారము మొదటి రెండు కేటాయింపులు మాత్రమే నిలుచునని న్యాయస్థానము చెప్పెను. అన్నిటికంటె పెద్ద సంఖ్య గల పేరు ఆనాటితో ఆ రూపమున అంతరించినది. శంబుకవధను ఆవేశముతో చదివినవారు అనేకులు ఆ పేరునకు చెందినవారే.

ఇట పేర్ల చరిత్రకే చెందిన మఱొక సంగతి. శంబుకవధకు మూడేండ్ల ముందు, 1917 నవంబరులో, బెజవాడలో ఒక సభ జరిగినది. పంచముల సభ యని పిలువబడిన యా సభకు హైదరాబాదు వాస్తవ్యులు భాగ్యరెడ్డివర్మగారు అధ్యక్షులు. స్వాగతసంఘాధ్యక్షులు గుడివాడ గూడూరు రామచంద్రరావుగారు. వర్ణములు నాలుగే యైనపుడు ఐదవ వర్ణమెక్కడిదని వాదించి, పంచమ నామమును త్యజించి, 'ఆది ఆంధ్రులు' అను పేరును సభవారు స్వీకరించిరి. అంగలూరు శంబుకుడు శూద్రనామముతో నిలిచినాడు. ఈ సభవారికి ఆ నామము కూడ లేదు, వారు వర్ణవ్యవస్థకే వెలుపలివారు. ఒకే ప్రాంతపు మనుష్యులు, ఇంచుమించు ఒకే కాలమున, రెండు వేఱు పేర్లతో రెండు వేఱు తలుపులు తట్టిరి. మన సాహిత్య చరిత్రలు మొదటి తలుపు చప్పుడునే యెక్కువగా విన్నవి. 1921లో కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్ల దొరతనము' వ్రాసినపుడు రెండవ తలుపు చప్పుడు పద్యరూపమున కూడ వినవచ్చినది; దానిని శంబుకవధకు ప్రక్కన పెట్టి చదువు అలవాటు మనకింకను కాలేదు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వచ్చినది. సంగదాసు చౌదరయ్య యింట పాలేరు. ఆ యజమాని చేతి దెబ్బకే ప్రాణము విడుచును. అతని పేర వెలసిన సంగపీఠమున చదువు ప్రధానమైన పని. శంబుకవధలో లేని పాలేరు ఇందు కథకు కేంద్రమైనాడు. చదువు తపస్సుగా గాక సంస్థగా వచ్చినది. ఇది పెద్ద అడుగు. కాని సంగపీఠపు చదువు పల్లెను బాగుచేయుటకు ఉద్దేశించినది గాని పదవికి త్రోవ కాదు. గాంధీయుగపు నవలకు పదవి పరదేశపు సొమ్ము. ఆ మెట్టు నెక్కినది బోయి భీమన్నగారి పాలేరు. స్వాతంత్ర్యమునకు పూర్వము గోదావరి సీమనుండి వచ్చిన యీ నాటకమున పాలేరు చదివి డిప్యూటీ కలెక్టరగును. 'అధికారము' అను శబ్దము యొక్క రెండు అర్థములును, అనగా అర్హతయు పెత్తనమును, ఒకే మనుష్యునియందు కలిసికొన్న మొదటి ప్రసిద్ధ తెలుగు నాటకమిది. కళాదృష్టితో చూచినచో పాలేరులో అతిసులభమైన మలుపులు కలవని యనవచ్చును. కోరిక బలముగా నున్న రచన యట్లే యుండును. రిజర్వేషన్ల భావమునకు తెలుగు నాటకమున పూర్వరంగము చూపవలసివచ్చినచో నేను శంబుకవధకంటె ముందు పాలేరును చూపుదును. శంబుకుడు తలుపు తెఱువుమనును. పాలేరు లోపల కుర్చీలో కూర్చుండును.

ఇచ్చట నొక యాక్షేపమునకు సమాధానము చెప్పవలసియున్నది. కావ్యమునకు సాధారణీకరణము ప్రాణము. రాముడు, శంబుకుడు దేశకాల విశేషములను విడిచి సహృదయుని హృదయమున సామాన్యులైననే రసము పుట్టును. ఏ పాత్ర ఏ జాబితాలో చేరునని లెక్కించుట విమర్శ కాదు, గుమాస్తాపని - అని కొందఱనవచ్చును. సాధారణీకరణమును నేను కాదనను. ఒక రెల్లి విద్యార్థిని, ఒక మాదిగ విద్యార్థి, ఒక రైతుబిడ్డ ముగ్గురును శంబుకుని మరణమునకు ఒకే విధముగ దుఃఖింపగలుగుట నాటకముయొక్క విజయమే. కాని రామస్వామిచౌదరిగారు రసము కొఱకు మాత్రమే వ్రాసినవారు కారు. వారి శంబుకుడు వాదించుటకు పుట్టినవాడు; వాదమును వాదముగనే పరీక్షింపవలెను. రంగస్థలముపై సాధారణీకరణము గుణము. పంపకమునకు కూర్చున్నపుడు అదే గొడుగగును. ఇందుకే రథకారాధికరణమును పైన స్మరించితిని.

చట్టము ఈ పంపకమును క్రమక్రమముగా నేర్చుకొన్నది. ఆంధ్రప్రదేశమున అనంతరామన్ సంఘము నివేదికను అనుసరించి 1970లో వెనుకబడిన తరగతులకు 25 శాతము కేటాయించి, దానిని ఎ, బి, సి, డి యని నాలుగుగా విభజించి, వరుసగా 7, 10, 1, 7 శాతములు నిర్ణయించిరి. 1972లో సుప్రీంకోర్టు దానిని ఆమోదించెను. షెడ్యూల్డు కులముల 15 శాతము మాత్రము ఒక్క పేరి క్రిందనే యుండెను. 1994లో ప్రకాశము జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా యుద్యమము ప్రారంభమైనది. ఫలితముగా 2000 నాటి రాష్ట్రచట్టము ఆ 15 శాతమును రెల్లి మొదలగువారికి 1, మాదిగ వర్గమునకు 7, మాల వర్గమునకు 6, ఆది ఆంధ్ర వర్గమునకు 1 గా విభజించెను. 2004 నవంబరు 5న చిన్నయ్య వ్యాజ్యెమున సుప్రీంకోర్టు ఆ చట్టమును కొట్టివేసెను. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఒక్కరు భిన్నాభిప్రాయము చెప్పగా, ఆ పాత తీర్పును త్రోసిపుచ్చెను. 2025లో ఆంధ్రప్రదేశము 1, 6.5, 7.5 శాతములుగను, తెలంగాణము 1, 9, 5 శాతములుగను మూడేసి వర్గములు చేసికొన్నవి. అంకెల న్యాయాన్యాయములు ఈ వ్యాసమునకు విషయము కాదు. కాని 2000 నాటి నాలుగవ వర్గమును చూచిన సాహిత్య విద్యార్థి ఒక్క నిమిషము ఆగవలెను. 1917లో బెజవాడ సభ త్యజించిన 'పంచమ' నామమును, స్వీకరించిన 'ఆది ఆంధ్ర' నామమును అందు ప్రక్కప్రక్కనే యున్నవి. అందఱ కొఱకు తలపెట్టిన పేరు జాబితాలో ఒక వరుసయై మిగిలినది.

సాహిత్యమున నీ విభజన చట్టముకంటె ముందే వచ్చినది. ఉన్నవవారి నవల పేరులోనే మాల యున్నది. జాషువా గబ్బిలములోని నాయకుడు అరుంధతీసుతుడు, అనగా మాదిగ. 1922కును 1941కిని నడుమ తెలుగు పాఠకుడు రెండు వాడలను చూచినాడు. కాని రెంటిని 'హరిజన సాహిత్యము' అను నొక్క శీర్షిక క్రింద చదివినాడు. 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట, 1996లో వచ్చిన పదునెక్కిన పాట దళిత శబ్దమును స్థిరపఱచినవి. ఆ దశాబ్దముననే నాగప్పగారి సుందర్రాజు తన కథలకు 'మాదిగోడు' అని పేరు పెట్టిరి. ఐక్యతను చెఱచినారని అప్పుడు బాధపడినవారికి గబ్బిలమును మఱల చదువుడని చెప్పవలెను. పేరు అందు మొదటినుండియు నున్నది.

గబ్బిలమును అట్లు చదివినచో మఱొక సంగతి కూడ కంటబడును. ఆ కావ్యనాయకుడు కాశీ విశ్వనాథునకు తన గోడు చెప్పి పంపుచున్నాడు. గుడిలోనికి రానీయని దేవుని విడువని హిందువతడు. ఆ కవి క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడు. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులస్థుడు హిందువై యుండవలెనని నిర్ణయించినది, 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, క్రైస్తవులు చేరలేదు. మన రాష్ట్రమున 1970 నాటి విభజనలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవము పుచ్చుకొన్నవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున నుంచి 1 శాతము కేటాయించిరి. బందరు, గుడివాడ, దివి ప్రాంతముల పల్లెలలో మిషను బడికి పోయి అక్షరము నేర్చిన కుటుంబములెన్నో యున్నవి; వాడలో రామాలయమునకు పోవువాడును ప్రార్థనామందిరమునకు పోవువాడును తఱచు అన్నదమ్ములే. పామర్రు శాసనసభా స్థానము 2009 ఎన్నికలనుండి షెడ్యూల్డు కులములకు కేటాయింపబడినది. అంతకు పూర్వము ఆ కేటాయింపు ప్రక్కనున్న నిడుమోలు నియోజకవర్గమునకు ఉండెను. అచ్చట పోటీచేయు అన్నను అడుగు ప్రశ్న తమ్ముని అడుగు ప్రశ్న ఒకటి కాదు. గబ్బిలములోని నాయకునకు కులధ్రువపత్రము దొరకును. ఆ నాయకుని సృజించిన కవికి మతమును బట్టి దొరకదు. ఏ సాధారణీకరణమును కవిని అతని పాత్రనుండి ఇంత దూరముగ నిలబెట్టలేదు. ఈ దూరమును లెక్కలోనికి తీసికొని గబ్బిలమును వ్యాఖ్యానించిన వ్యాసము మన శాఖలనుండి రావలసియున్నది.